నల్లబల్ల కనిపించని బాలుడు నాదానికి గురువైన వైనం: ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు తొలినాళ్ల జీవితం

(ప్రత్యేక వ్యాసం)

గిద్దలూరు: కర్ణాటక సంగీత కచేరీలో గాయకుని ప్రక్కన కూర్చుండి, ఆయన పాడిన దానిని అనుసరించడమే ఫిడేలు విద్వాంసుని ధర్మమని భావించిన రోజులలో, ఆ వాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చి దానికి ప్రధానస్థానం కల్పించిన తెలుగు విద్వాంసులు శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడు. బాల్యంలో చూపు మందగించిన కారణంగా ఆయన చదువు మధ్యలోనే ఆగిపోయింది. విద్యార్థిగా చేరదలచి వెళ్లిన సంగీత కళాశాలలోనే ఆయన అధ్యాపకులుగా నియమితులై, అనంతరం అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. దేశం గుర్తించిన ఆ మహా విద్వాంసుని జీవితంలో బిరుదులు, పురస్కారాలు అందుకున్న ఉత్తరార్ధం చాలామందికి తెలిసినదే. ఆ కీర్తికి పునాది వేసిన తొలి దశాబ్దాలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక బాలుని ప్రతిభను ఒక సంస్థ గుర్తించలేకపోవడం, మరొక సంస్థ గుర్తించగలగడం ఎంతటి వ్యత్యాసానికి దారితీస్తాయో ఆ దశాబ్దాలే తెలియజేస్తాయి.

కంభం సీమకు సంగీతంతో గల సంబంధం

నాయుడు గారి వాదనకు ప్రాణప్రదమైన త్యాగరాజ కృతులకు గిద్దలూరు పరిసర ప్రాంతంతో పూర్వ సంబంధం ఉన్నది. సద్గురు త్యాగరాజ స్వామి (1767-1847) తంజావూరు సీమలోని తిరువారూరులో జన్మించి, తిరువయ్యారులో జీవితం గడిపినప్పటికీ, ఆయన ఇంటిపేరు కాకర్ల. గిద్దలూరు, కంభం పట్టణాలకు చేరువలోని అర్ధవీడు మండలంలో గల కాకర్ల గ్రామం ఆయన పూర్వీకుల స్వస్థలమని సంగీత చరిత్రకారులు పేర్కొంటారు. సంగీత త్రిమూర్తులలో మరొకరైన శ్యామశాస్త్రి (1762-1827) పూర్వీకులు సైతం కంభం ప్రాంతం నుండి దక్షిణాదికి తరలివెళ్లిన వారేనని ప్రతీతి. గుండ్లకమ్మ నీటితో నిండే కంభం చెరువు క్రింది పల్లెల నుండి తరలిపోయిన కుటుంబాలలో పుట్టిన వాగ్గేయకారుల కృతులు, కొన్ని తరాల అనంతరం గురుశిష్య పరంపరల ద్వారా తిరిగి తెలుగునాట వ్యాపించాయి. ఆ కృతులను మాటలు లేని తంతులపై మాటలతో సహా వినిపించినట్లుగా పలికించిన ఘనత ద్వారం వారికి దక్కుతుంది.

బాల్యం, విశాఖపట్నం

శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినాన, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. అనంతరం కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడగా, వెంకటస్వామి నాయుడు బాల్యం ఆ సాగరతీర పట్టణంలోనే గడిచింది. ఇంటిలో సంగీతం ఉండేది. అన్నగారైన వెంకటకృష్ణయ్య ఫిడేలు నేర్చినవారు. తమ్మునికి తొలి పాఠాలు చెప్పిన గురువు ఆయనే.

బాలుడైన వెంకటస్వామిని పాఠశాలకు పంపినప్పటికీ, అక్కడ పెద్ద అవరోధం ఎదురైంది. ఆయనకు చిన్ననాటి నుండి దృష్టి లోపం ఉండేది. నల్లబల్లపై ఉపాధ్యాయుడు వ్రాసిన అక్షరాలు బెంచీపై కూర్చున్న బాలునికి ఆనేవి కావు. అక్షరం చూచి, వ్రాసి, తిరిగి ఒప్పజెప్పడమే చదువుగా సాగుతున్న ఆ కాలంలో, కంటి చూపు తక్కువైన పిల్లవానికి తరగతిలో నిలదొక్కుకొనే మార్గం లేకపోయింది. ఫలితంగా పాఠశాల చదువు అర్ధాంతరంగా ముగిసింది. ఆనాటి పరిస్థితులలో చదువు ఆగిన బాలునికి సర్కారు కొలువు దక్కే అవకాశం లేదు. చూపు అవసరమైన చేతిపనులలోనూ రాణించే వీలు తక్కువ. మధ్యతరగతి కుటుంబంలోని ఒక బాలుని భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్న తల్లిదండ్రుల ముందు నిలిచింది.

ఆ ప్రశ్నకు ఇంటిలోనే సమాధానం లభించింది. కన్ను అందించలేని దానిని చెవి అందిపుచ్చుకొన్నది. అన్నగారి శిక్షణలో బాలుడు ఫిడేలును చేతబట్టి, పూర్తి కాలాన్ని దానికే వెచ్చించసాగాడు. సంగీతానికి పుస్తకం కంటే గురుముఖం ప్రధానమైనందున, ఇతర విద్యలలో లోపంగా కనిపించిన మందదృష్టి ఈ విద్యకు అడ్డు కాలేదు.

ఫిడేలు: పరదేశపు వాద్యం, స్వదేశపు నాదం

నాయుడు గారు ఎంచుకొన్న వాద్యం అప్పటికి మన సంగీతంలో ప్రవేశించి సుమారు వంద సంవత్సరాలు మాత్రమే అయినది. ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఐరోపా సంగీతజ్ఞుల వద్ద ఫిడేలు వాదన నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినట్లు చరిత్ర చెబుతున్నది. తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలు కూడా ఈ వాద్యానికి ప్రాచుర్యం కల్పించినవారిలో ముఖ్యులు.

పాశ్చాత్యులు నిలుచుండి, వాద్యాన్ని గడ్డం క్రింద అదిమిపట్టి వాయిస్తారు. మన విద్వాంసులు నేలపై బాసికపట్టు వేసుకొని కూర్చుండి, వాద్యం ఒక కొనను ఛాతీకి ఆనించి, రెండవ కొనను కుడి పాదంపై నిలుపుతారు. అందువలన ఎడమచేతికి వాద్యం బరువు మోయవలసిన పని తప్పి, వ్రేళ్లు తంతులపై పైకి, క్రిందికి జారేందుకు స్వేచ్ఛ లభిస్తుంది. నాలుగు తంతులను పాశ్చాత్య పద్ధతిలో కాక, షడ్జ పంచమాలుగా శ్రుతి చేస్తారు. వీణకు ఉన్నట్లు ఫిడేలుకు మెట్లు లేవు. స్వరస్థానం ఎక్కడ ఉన్నదో వ్రేలు చూపి చెప్పే గుర్తు ఏదీ దానిపై ఉండదు. కళ్లు మూసుకొని వాయించినా, తెరచి వాయించినా స్వరాన్ని వెదకవలసింది చెవియే. వ్రేలు వెంట్రుకవాసి తప్పినా అపస్వరం పలుకుతుంది. ఈ కారణంగానే ఫిడేలు గాత్రానికి అత్యంత సన్నిహితమైన వాద్యమయింది. ఈ కారణంగానే అది కఠినమైన వాద్యం కూడా అయింది. చూపు తక్కువైన యువకుడు చెవిని మాత్రమే నమ్మి సాధన చేయవలసిన వాద్యాన్నే చేపట్టడం గమనార్హం.

విజయనగరం వైపు అడుగులు

యౌవనంలో నాయుడు గారు విశాఖపట్నం పరిసరాలలో వాదన సాగిస్తూ వచ్చారు. అయితే క్రమబద్ధమైన ఉన్నత శిక్షణ పొందాలన్న కోరిక ఆయనలో బలంగా ఉండేది. ఆ కోరిక తీరగల అవకాశం 1919లో విజయనగరంలో ఏర్పడింది.

పూసపాటి ప్రభువుల పాలనలోని విజయనగరం సంస్థానం అప్పటికే సాహిత్యానికి, సంగీతానికి, నాటకానికి ఆలవాలమై ఉన్నది. వీణా విద్వాంసులకు, హరికథకులకు, కవిపండితులకు అక్కడ ఆదరణ లభించేది. 1919లో శ్రీ విజయరామ గజపతి మహారాజు అక్కడ సంగీత కళాశాలను నెలకొల్పారు. సంస్థానంలో పనిచేస్తున్న చాగంటి జోగారావు కుమారుడు గంగరాజు అంధుడు. సంగీతంపై ఆసక్తి గల ఆ బాలునికి విద్య నేర్పించే మార్గం అన్వేషిస్తున్న సందర్భంలో, అతని వంటివారు అనేకులకు ఉపయోగపడే విధంగా ఒక కళాశాలనే స్థాపించాలన్న నిర్ణయం జరిగినట్లు ప్రసిద్ధి. ఒక కుటుంబం కష్టాన్ని వ్యక్తిగత సహాయంతో సరిపుచ్చకుండా, దానిని ఒక ప్రజాసంస్థగా రూపొందించిన ఆ నిర్ణయం తెలుగునాట సంగీత విద్య గతినే మార్చివేసింది. రాజాస్థానాలకు, గురువుల ఇండ్లకు పరిమితమైన విద్య తరగతి గదిలోకి వచ్చింది.

ఆ కళాశాలకు తొలి అధ్యక్షులుగా హరికథా పితామహ శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) నియమితులయ్యారు. అనేక భాషలలో పాండిత్యం, అసాధారణమైన లయజ్ఞానం, కవిత్వం, గాత్రం, నృత్యం ఒక్కచోట మూర్తీభవించిన వ్యక్తి ఆయన. ఎదుటివాని విద్యను క్షణాలలో అంచనా వేయగల దిట్ట. ఎవరినీ అనవసరంగా మెచ్చుకొనే స్వభావం లేనివారు.

విద్యార్థిగా వచ్చి అధ్యాపకునిగా

కళాశాల ప్రారంభమైన వార్త విన్న నాయుడు గారు విద్యార్థిగా ప్రవేశం కోరుతూ విజయనగరం చేరుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ల ప్రాయం. సాధారణంగా విద్యార్థులుగా చేరేవారి కంటే పెద్ద వయస్సు. చేతిలో చెప్పుకోదగిన పాఠశాల యోగ్యతా పత్రం ఏదీ లేదు. ప్రవేశానికి ముందు అర్హతను పరీక్షించే ఆనవాయితీని అనుసరించి, ఆయనను ఫిడేలు వాయించవలసిందిగా నారాయణదాసు గారు ఆదేశించారు.

నాయుడు గారి వాదన ఆలకించిన నారాయణదాసు గారు, ఆ యువకునికి ఆ కళాశాలలో విద్యార్థిగా నేర్చుకొనవలసినది లేదని, నేర్పవలసినదే ఉన్నదని నిర్ణయించారు. ప్రవేశం కోరి వచ్చిన అభ్యర్థిని ఫిడేలు అధ్యాపకునిగా నియమించారు. తెలుగు సంగీత చరిత్రలో ఈ సంఘటన తరచుగా ప్రస్తావనకు వస్తుంది. దీనిని అదృష్టంగా వర్ణించేవారు ఉన్నారు. అయితే పరిశీలించి చూస్తే, ఇది ఒక అధికారి తనకున్న అధికారాన్ని సక్రమంగా వినియోగించిన సందర్భం. వయస్సు, చదువు, చూపు అనే కొలబద్దలను ప్రక్కనబెట్టి, ఆ పదవికి ఏ సామర్థ్యం అవసరమో దానిని మాత్రమే నారాయణదాసు గారు పరీక్షించారు. అంధ బాలుని నిమిత్తం వెలసిన కళాశాలలో మందదృష్టి గల యువకుడు ఆచార్యుడు కావడం ఆ సంస్థ ఉద్దేశానికి తగినట్లుగానే ఉన్నది.

బోధన, సాధన

అధ్యాపక వృత్తి నాయుడు గారికి జీవనోపాధిని కల్పించింది. అంతకుమించి, సాధనకు అవసరమైన స్థిరత్వాన్ని ప్రసాదించింది. కచేరీలపైనే ఆధారపడి జీవించే విద్వాంసునికి సీజను, ప్రయాణాలు, సభల పిలుపులు తప్ప మరొక ఆధారం ఉండదు. నెల జీతం లభించే ఉద్యోగం వలన ఆయన జనరంజకత్వం కోసం తొందరపడవలసిన అవసరం లేకపోయింది. ఉదయం మొదలు రాత్రి వరకు విద్యార్థుల నడుమ, తోటి విద్వాంసుల నడుమ గడిపిన సంవత్సరాలలో ఆయన వాదన పరిపక్వత పొందింది. గాత్రం, వీణ, మృదంగం, హరికథ ఒకే ప్రాంగణంలో నిత్యం వినిపించే వాతావరణం అది. ఫిడేలుపై గాత్రపు పలుకుబడిని, వీణ గమకాన్ని సమన్వయం చేసిన ఆయన శైలికి ఈ వాతావరణం ఎంతగానో తోడ్పడింది.

నాయుడు గారి సాధనలో కమానుకు విశేష ప్రాధాన్యం ఉండేది. ఎడమచేతి వ్రేళ్లు స్వరాన్ని నిర్ణయిస్తే, కుడిచేతిలోని కమాను ఆ స్వరానికి ప్రాణం పోస్తుంది. కమాను ఒత్తిడి పెరిగితే నాదం గరగరలాడుతుంది. తగ్గితే సన్నగిల్లుతుంది. దిశ మార్చే క్షణంలో తునిగితే కృతిలోని పదం విరిగిపోతుంది. పాశ్చాత్య వాదకులు కమానును ఉపయోగించే పద్ధతులను నాయుడు గారు ఆసక్తితో పరిశీలించి, వానిలో మన సంగీతానికి పనికివచ్చే అంశాలను గ్రహించారు. పొడవైన, నిదానమైన కమాను లాగుడుతో నాదాన్ని తెగకుండా నిలబెట్టడం ఆయన వాదనకు గుర్తుగా నిలిచింది. అయితే పాశ్చాత్య ధోరణిని మన రాగాలపై అతికించే ప్రయత్నం ఆయన చేయలేదు. సాధనం ఎక్కడిదైనా, దానితో పలికించిన రాగం సంప్రదాయ శుద్ధంగానే ఉండేది.

సాహిత్యానికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యం మరొక విశిష్టత. కృతిలోని పదాలు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ కలుస్తాయో తెలిసి వాయించడం వలన, పాట తెలిసిన శ్రోతకు మాటలే వినిపిస్తున్న అనుభూతి కలిగేది. తెలుగు మాతృభాషగా గల విద్వాంసుడు తెలుగు కృతిని వాయించడంలోని సౌలభ్యం ఇందులో స్పష్టమవుతుంది.

పక్కవాద్యపు పరిధి

1920ల నాటికి నాయుడు గారి పేరు ఉత్తర సర్కారు జిల్లాలలో వ్యాపించింది. అనంతరం మద్రాసు సభల నుండి ఆహ్వానాలు రాసాగాయి. 1927లో మద్రాసులో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఏర్పాటైన అఖిల భారత సంగీత సమావేశం ఫలితంగా 1928లో మద్రాసు సంగీత అకాడమీ ఆవిర్భవించింది. సంగీత కచేరీలకు నగరంలో టిక్కెట్టు కొని వచ్చే శ్రోతలు పెరిగిన కాలం అది. ప్రముఖ గాయకుల కచేరీలకు నాయుడు గారు పక్కవాద్య సహకారం అందించి, దక్షిణాది రసికుల మన్ననలు పొందారు.

కచేరీలో పక్కవాద్య విద్వాంసుని పని సులభమైనది కాదు. గాయకుడు ఆలపించిన రాగానికి నీడవలె వెంట నడవాలి. ఆయన ఆగినచోట అందుకోవాలి. తన వంతు వచ్చినప్పుడు కొద్ది నిమిషాలలో రాగస్వరూపాన్ని చూపి, తిరిగి వెనుకకు తగ్గాలి. నెరవులో, స్వరకల్పనలో గాయకుడు విసిరిన సవాలుకు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. అయితే ఏ రాగం, ఏ కృతి, ఎంతసేపు అన్న నిర్ణయాధికారం ఆయనది కాదు. ఎంతటి మనోధర్మం ఉన్నా, అది మరొకరి ఊహకు అనుబంధంగానే వ్యక్తం కావలసి ఉంటుంది.

ఆ తరంలో ఫిడేలు వాదనకు ముగ్గురు మేటి విద్వాంసులు లభించారు. కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై (1898-1970), మైసూరు టి.చౌడయ్య (1895-1967), ద్వారం వెంకటస్వామి నాయుడు గార్లను సంగీత లోకం ఫిడేలు త్రిమూర్తులుగా గౌరవించింది. అప్పటి సభలలో ఫిడేలుకు ఎదురైన ముఖ్య సమస్య నాదం దూరానికి వినిపించకపోవడం. ధ్వనివర్ధకాలు ఇంకా అందరికీ అందుబాటులోకి రాని ఆ రోజులలో, పెద్ద పందిరిలో వెనుక వరుసలకు నాలుగు తంతుల సన్నని నాదం చేరడం కష్టమయ్యేది. చౌడయ్య గారు తంతుల సంఖ్యను ఏడుకు పెంచి ఈ సమస్యను ఎదుర్కొన్నారు. నాయుడు గారు నాలుగు తంతులతోనే, నాద నాణ్యతపై ఆధారపడి శ్రోతలను తన వైపు త్రిప్పుకొన్నారు. ఆయన నాదం మృదువైనది. దానిని వినవలెనంటే సభ నిశ్శబ్దం కావలసి వచ్చేది.

కళాశాల అధ్యక్ష పదవి

1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి అనంతరం విజయనగరం సంగీత కళాశాల అధ్యక్ష పదవిని నాయుడు గారు చేపట్టారు. పదిహేడు సంవత్సరాల క్రితం విద్యార్థిగా దరఖాస్తు చేయవచ్చిన వ్యక్తి అదే సంస్థకు అధిపతి అయ్యారు. ఆయన అధ్యక్షులుగా ఉన్న కాలంలో ఆ కళాశాలలో చదివినవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావు (1922-1974) ఒకరు. పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద గాత్రం అభ్యసించిన ఘంటసాల అనంతరం తెలుగు చలనచిత్ర సంగీతానికి చిరునామాగా నిలిచారు. ప్రఖ్యాత గాయని పి.సుశీల సంగీత విద్య పొందినది కూడా ఆ కళాశాలలోనే. గాత్ర విద్వాంసులలో ద్వారం వారి ప్రభావానికి లోనైన ప్రముఖులు డా. శ్రీపాద పినాకపాణి (1913-2013). వైద్యునిగా కర్నూలు వైద్య కళాశాలలో సేవలందిస్తూ, పలువురు శిష్యులకు సంగీత విద్య ప్రసాదించిన పినాకపాణి గారి ద్వారా ఆ నాదసంస్కారం కర్నూలు సీమకు చేరింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివే కావడం ఇక్కడ గుర్తు చేసుకొనదగినది. నాయుడు గారి సంతానంలో ద్వారం భావనారాయణరావు, ద్వారం మంగతాయారు ఫిడేలు విద్వాంసులుగా ఆ సంప్రదాయాన్ని కొనసాగించారు.

1938: వేలూరు కచేరీ

నాయుడు గారి జీవితంలోనూ, కర్ణాటక సంగీతంలో ఫిడేలు చరిత్రలోనూ 1938వ సంవత్సరం ఒక మైలురాయి. ఆ సంవత్సరం వేలూరులో ఆయన ఏకవాదన కచేరీ చేశారు. గాయకుడు లేని వేదికపై ఫిడేలు ప్రధాన వాద్యంగా కూర్చున్నది. ఫిడేలు సోలో కచేరీలకు ఇదే నాందిగా సంగీత చరిత్రలో పేర్కొనడం జరుగుతున్నది.

ఈనాటి శ్రోతలకు ఇది సామాన్య విషయంగా కనిపించవచ్చు. ఆనాడు ఇందులో ఇమిడి ఉన్న సాహసం స్వల్పమైనది కాదు. రెండు, మూడు గంటల కచేరీని సాహిత్యం వినిపించని వాద్యంతో నడిపించాలి. వర్ణం మొదలు రాగం, తానం, పల్లవి వరకు ఎంపిక, క్రమం, వ్యవధి అన్నీ వాదకుడే నిర్ణయించుకోవాలి. గాయకుని పాటలో విశ్రాంతి దొరికే అవకాశం లేదు. శ్రోత విసుగు చెందితే దానికి బాధ్యుడు ఒక్కడే. అంతేకాక, పక్కవాద్యంగా స్థిరపడిన వాద్యం ప్రధానస్థానం కోరడం సంప్రదాయానికి తగునా అన్న సందేహం పండితులలో ఉండేది. కచేరీ విఫలమైనట్లయితే నష్టపోయేది ఒక్క నాయుడు గారి పేరు మాత్రమే కాదు. ఫిడేలు పక్కవాద్యంగానే తగునన్న అభిప్రాయం మరింత బలపడి ఉండేది.

ఆ ప్రయత్నం సఫలమైంది. అనంతరం నాయుడు గారు అనేక పట్టణాలలో ఏకవాదన కచేరీలు నిర్వహించి ఆ పద్ధతిని సుస్థిరం చేశారు. గ్రామఫోను రికార్డులు, రేడియో ప్రసారాలు ఆ నాదాన్ని సభలకు వెళ్లలేని వారి ఇండ్లకు చేర్చాయి. ధ్వనివర్ధకం అందుబాటులోకి రావడంతో మృదునాదానికి గల ఇబ్బంది సైతం తొలగింది. తరువాతి తరాలలో ఫిడేలు ఏకవాదన, ద్వయవాదన కచేరీలు సర్వసాధారణమయ్యాయి.

గౌరవ పురస్కారాలు

1941లో మద్రాసు సంగీత అకాడమీ వార్షిక మహాసభకు అధ్యక్షత వహించే గౌరవం నాయుడు గారిని వరించింది. సంగీత కళానిధి బిరుదు ఆయన పేరుకు అలంకారమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశ పర్యటనలో భాగంగా మద్రాసు వచ్చినప్పుడు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి శ్రీ పి.వి.రాజమన్నారు నివాసంలో నాయుడు గారి వాదనను ఆలకించి ముగ్ధులయ్యారు. తమ దేశాలలో పుట్టిన వాద్యం మరొక సంగీతంలో అంత సహజంగా ఒదిగిపోవడాన్ని పాశ్చాత్య విద్వాంసుడు ప్రత్యక్షంగా గమనించిన సందర్భం అది.

1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో భారత ప్రభుత్వ పద్మశ్రీ పురస్కారం ఆయనకు లభించాయి. 1964 నవంబరులో, డెబ్బై ఒక్క సంవత్సరాల వయస్సులో, నాయుడు గారు పరమపదించారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ ఆయన స్మారకార్థం తపాలా బిళ్లను విడుదల చేసింది. నల్లబల్లపై అక్షరం కానరాక బడి మానిన బాలుని రూపం ఆ విధంగా దేశమంతటా ఉత్తరాలపై ప్రయాణించింది.

ఆ జీవితం అందించే సందేశం

ద్వారం వారి తొలి జీవితాన్ని పరిశీలించినప్పుడు రెండు సంస్థలు మన ముందు నిలుస్తాయి. మొదటిది పాఠశాల. అది బాలునిలో లేని చూపును కొలిచి, అతనికి చోటు లేదని తేల్చింది. రెండవది కళాశాల. అది అదే వ్యక్తిలో ఉన్న నాదాన్ని విని, అతనికి పీఠం వేసింది. ఈ రెండింటి మధ్య గడిచిన సంవత్సరాలలో ఆ ప్రతిభను కాపాడినది ప్రభుత్వమూ కాదు, సంస్థానమూ కాదు. తమ్మునికి ఓపికతో పాఠం చెప్పిన ఒక అన్న. అటువంటి అన్న అందరి ఇండ్లలోనూ ఉండడు. అందువలననే చూపు, వినికిడి, నడక వంటి విషయాలలో లోపం ఉన్న పిల్లలను ప్రారంభంలోనే గుర్తించి, వారికి అనువైన విద్యను అందించవలసిన బాధ్యత సమాజంపై, ప్రభుత్వ యంత్రాంగంపై అధికంగా ఉన్నది. పిల్లవాడు దేనిలో వెనుకబడినాడో తెలిపే రికార్డు ప్రతి బడిలోనూ ఉంటుంది. దేనిలో ముందున్నాడో వ్రాసుకొనే అలవాటు కూడా ఏర్పడవలసి ఉన్నది.

కళాశాలల, అకాడమీల పాత్ర కూడా ఈ సందర్భంగా గుర్తించదగినది. విజయనగరం కళాశాల లేకున్నట్లయితే నాయుడు గారు మంచి ఫిడేలు వాదకునిగా విశాఖ పరిసరాలకే పరిమితమై ఉండేవారేమో. నెల జీతం, శిష్యులు, తోటి విద్వాంసుల సాహచర్యం లభించినందుననే ఆయన రెండు దశాబ్దాల పాటు నిలకడగా సాధన చేసి, వేలూరు వేదికపై ఒంటరిగా కూర్చుండే ధైర్యం పొందగలిగారు.

త్యాగరాజ స్వామి పూర్వీకులు నడయాడిన కాకర్ల ఉన్న గిద్దలూరు ప్రాంతానికి, బెంగుళూరులో పుట్టి విశాఖలో పెరిగి విజయనగరంలో వెలిగిన ద్వారం వారికి మధ్య దూరం చాలానే ఉన్నది. అయినా ఆయన కమాను పలికించిన కృతుల మూలాలు ఈ నేలకు చెందినవే. గుండ్లకమ్మ తీరంలోని పల్లెటూరి బడులలో, నల్లమల అంచున ఉన్న తండాలలో, బల్లపై అక్షరం కనబడక వెనుక బెంచీలో కూర్చున్న పిల్లలు ఈనాటికీ ఉండవచ్చు. వారిలో ఒకరి గొంతును గాని, చేతివ్రేళ్లను గాని ఒక ఉపాధ్యాయుడు సకాలంలో గుర్తించగలిగితే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి అంతకు మించిన నివాళి మరొకటి ఉండదు.